గగనవిహారుల చిత్రకారుఁడు

పడమటి కనుమల పాదమునందలి మంసాపురము వంటి యూరినుండి, కెమెరా సంచిని వీపునఁ గట్టుకొని, మోటారుసైకిలుపై ఐదువందల కిలోమీటర్లకుఁ బైబడిన దారిని గడచి, 2024 అక్టోబరు 6న చెన్నపట్టణపు మెరీనా తీరమున భారత వాయుసేన నెఱపిన విన్యాసములవంటివానిని చిత్రించి తెచ్చుకొనఁ బూనిన యే ఔత్సాహికుని శ్రమయైనను వేతనాపేక్ష లేనిది. కనుకనే నాకు మిక్కిలి గౌరవపాత్రము.

ఆ వాయుసేన విన్యాసదళములలో సూర్యకిరణ దళపు హాక్ జెట్లు ఱెప్పపాటులో దాఁటిపోవును గనుక, షట్టరును సెకనులో వేయవ వంతో, అంతకుఁ దక్కువయో తెఱచిన మేలు. సారంగ దళపు ధ్రువ హెలికాప్టరులకు నదే వేగమును వాడినచో, తిరుగు ఱెక్కలు స్తంభించి, యంత్రము దారమున వ్రేలాడఁగట్టిన బొమ్మవలెఁ గానిపించును. అందుచే షట్టరు కాలమును బెంచి, ఊపిరి బిగఁబట్టి, యంత్రగమనముతో సమముగా నడుమును ద్రిప్పుచు, ఱెక్కలు మసకబాఱియు దేహము స్పష్టముగా నిలుచునట్లు తీయవలయును. ఖరీదైన కటకమైనను ఈయఁజాలని యీ హస్తలాఘవమును మంసాపురమునకుఁ జేరువనున్న రాజపాళయపు రోడ్డుపైఁ బోవు బస్సులను గుఱిగాఁ గొని యభ్యసింపవచ్చును.