సమాధులమీద కట్టిన ఇల్లు

దయ్యముల చిత్రమును గూర్చి ఈ పుటలలో వ్రాయుట యేల అని మీరడుగవచ్చును. అరకు లోయ చుట్టునున్న కొండ గ్రామములలో కొన్నిటికి ఫోను సంకేతము నేటికిని సరిగా అందదు. అయినను మన పడుచువారు వారపు సంతకు దిగివచ్చినప్పుడు చిత్రములను ఫోనులోనికి దింపుకొని పోయి, రాత్రివేళ పదిమందియు ఒకచోట కూర్చుండి చూచుచున్నారు. మరునాడు పొలములోను, ఊటయొద్దను వాటిని గూర్చి తర్కించుకొనుచున్నారు. వారు ఏమి చూచుచున్నారో, చూచి యేమనుకొనుచున్నారో తెలిసికొనకుండ వారికి బుద్ధి చెప్పబూనుట చీకటిలో రాయి విసరుటయే. కాబట్టి అట్టి చిత్రములలో ఒకదానిని, దానిని గూర్చి చూపరులు చెప్పు మాటలను తూచి చూతము.

ఆ చిత్రము పేరు "దెయ్యం". రాంగోపాల్ వర్మ తీయగా 1996లో విడుదలైనది. కథ చిన్నది. భార్యాభర్తలు, వారి చిన్న కుమారుడు, భార్య చెల్లెలు కలిసి హైదరాబాదు పొలిమేరలో ఒక తోటయిల్లు కొని అందులో చేరుదురు. ఆ యిల్లు లేచిన నేలలో పూర్వము సమాధులుండెను. ఇక వారికి నెమ్మది యుండదు. కీడు వెంబడి కీడు వచ్చును. అక్కగా జయసుధయు, చెల్లెలుగా మహేశ్వరియు, ఆమెను ప్రేమించిన యువకునిగా జె.డి. చక్రవర్తియు నటించిరి.

చూపరులు చెప్పు మొదటి మాట, "ఇంత భయపెట్టిన తెలుగు బొమ్మ మరియొకటి లేదు" అనునది. ఇందులో కొంత నిజము గలదు. పూర్వపు కథలలో దయ్యము పాడుబడిన కోటలోనో, ఊరి వెలుపలి మర్రిచెట్టుమీదనో ఉండెడిది. మనము ఆ దారిని పోకున్న చాలును. వర్మ దానిని తెచ్చి, కష్టపడి సొమ్ము కూడబెట్టి కొనుక్కొన్న క్రొత్త యింటిలో పెట్టెను. 1992లో వచ్చిన "రాత్రి" అను చిత్రములోను ఆయన చేసిన పని యిదియే. అందులో రేవతి సినిమాహాలులో అందరి నడుమ కూర్చుండియుండగా, చూచుచుండగనే హాలంతయు ఖాళీ యగును. అక్కడ ఘోరరూపమేదియు లేదు. ఖాళీ కుర్చీలే భయపెట్టును. అలవాటైన చోటు పరాయిదైనప్పుడు మనిషి గుండె జారునని ఈ దర్శకుడు బాగుగా నెరిగినవాడు. పనితనమును పనితనమని ఒప్పుకొనుటకు మనము సందేహింపనక్కరలేదు.

రెండవ మాట, "ఇది పరదేశపు సరకు" అనునది. పట్టణములో చదువుకొనుచున్న మన పిల్లలు ఈ మాట చెప్పుదురు. వారు చూపునది 1982లో అమెరికాలో వచ్చిన "పోల్టర్‌గైస్ట్" అను చిత్రము. టోబీ హూపర్ దర్శకుడు. స్టీవెన్ స్పీల్‌బర్గ్ నిర్మాతలలో ఒకడు, కథ వ్రాసినవాడు. పట్టణము చివర వరుసగా కట్టిన క్రొత్త యిండ్లలో ఒకదానిని దయ్యములు పట్టును, చిన్నబిడ్డ మాయమగును. అక్కడను ఇండ్ల క్రింద సమాధులే. వర్మ దర్శకుడు కాకమునుపు హైదరాబాదులో వీడియో క్యాసెట్ల దుకాణము నడిపినవాడు గనుక పరదేశపు చిత్రములను ఎరుగడనలేము. అయితే సమాధుల నేల కదిపిన కీడు వచ్చునను మాట అమెరికానుండి రానక్కరలేదు. అది మన ప్రతి పల్లెలోను గలదు. ఎవరినుండి తెచ్చెనని అడుగుటకంటె, తెచ్చినదానిలో దేనిని విడిచెనని అడుగుట మేలు.

ఆ అమెరికా చిత్రములో ఒక గట్టి సంగతి యున్నది. ఇండ్లు కట్టిన సంస్థ, సమాధులను వేరొకచోటికి మార్చితిమని చెప్పి, పైనున్న రాళ్లను మాత్రము తీసివేసి, శవములను క్రిందనే ఉంచెను. ఆ సంస్థ యిండ్లను అమ్మిపెట్టు ఉద్యోగి ఎవడనగా, దయ్యము పట్టిన యింటి యజమానుడే. తాను తినుచున్న జీతము ఎక్కడనుండి వచ్చుచున్నదో తుదకు అతనికి తెలియును. భయము వెనుక ఒక పాపము, ఆ పాపమునకు ఒక పేరు ఉన్నవి. "దెయ్యం"లోనైతే కథ చూపు ఆ నేలను అమ్మినవారిమీద నిలువదు. కొనినవారి కుటుంబమునే వెంటాడును. భయము మిగులును గాని తీర్పు మిగులదు. నా యెరుకలో ఈ చిత్రమునకున్న పెద్ద కొరత యిదియే.

మూడవ మాట, "ఇట్టివి నిజముగా జరుగును" అనునది. తాను దేవుని నమ్మనని దర్శకుడు బహిరంగముగా పలుమారులు చెప్పియున్నాడు. నమ్మనివాడు వేడుకకు తీసినదానిని నమ్మువాడు చూచి సాక్ష్యముగా ఎత్తుకొనుట వింత. పట్టణములో ఈ మాటవలన పోయునది ఒక రాత్రి నిద్ర మాత్రమే. మన్యములో అట్లు కాదు. బిడ్డకు చలిజ్వరము వచ్చినప్పుడు ఆసుపత్రికి పోవలసిన రెండు దినములు భూతవైద్యునియొద్ద గడచిపోవును. ఆ జ్వరము దోమవలన వచ్చునను సత్యమునకు ఆధారము దొరికినది దూరదేశములో కాదు. రొనాల్డ్ రాస్ అను వైద్యుడు 1897లో మన సికిందరాబాదులోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. అంతకంటె ఘోరమైనది చిల్లంగి అనుమానము. చిల్లంగి పెట్టినాడని ఒకరిమీద నిందమోపి, ఇరుగుపొరుగువారే కొట్టి చంపిన సంగతులు మన మన్యములో పలుమారులు జరిగినవి. ఆ చావులకు కారణము దయ్యము కాదు, దయ్యపు భయము. తిరిగి లేచిన ప్రభువును చూచి శిష్యులు భూతమని తలంచి వణకినప్పుడు, ఆయన వారిని గద్దింపక ముందుగా తన చేతులను కాళ్లను చూపి, ముట్టి చూడుడని చెప్పి, వారియెదుట చేప తినెను. భయపడినవానిని పరీక్షించి చూడుమని పిలిచినవాడు ఆయన. మనమును అట్లే చేయవలెను.

నాలుగవ మాట కొండలలోని పెద్దలనుండి వచ్చినది. అది నాకు అన్నిటికంటె విలువగా తోచినది. చిత్రమునంతయు చూచి ఒక ముసలాయన, "ఆ సమాధులు ఎవరివి? వారి పిల్లలు ఏమైరి?" అని అడిగెను. పడుచువారు నవ్విరి. అయితే గదబలలో చనిపోయిన పెద్దల జ్ఞాపకార్థము రాళ్లు నిలుపు ఆచారము పూర్వమునుండి గలదని మీరెరుగుదురు. అట్టివారికి సమాధి అనగా దయ్యపు నివాసము కాదు; ఈ నేల మా తాతలది అని చెప్పు సాక్షి. ఆ రాయి తీసివేయబడినదనగా, అంతకుముందే అక్కడి జనము వెళ్లగొట్టబడియుండవలెను. సినిమా చూపని ఆ కథయే ముసలాయనకు కనబడినది.

ఆ కథ మనకు క్రొత్తది కాదు. గిరిజనుల భూమి ఇతరులచేతికి పోకుండుటకు 1959లో నిబంధన వచ్చెను. 1970లో దానిని గట్టిపరచిరి. మనము 1/70 అని పిలుచుచున్నది అదియే. బొర్రా ప్రాంతపు గనుల కౌలుల విషయమై సమత అను సంస్థ వేసిన వ్యాజ్యెములో 1997లో సుప్రీముకోర్టు, షెడ్యూలు ప్రాంతములలోని ప్రభుత్వ భూమిని సహితము గిరిజనేతరులకు కౌలుకీయరాదని తీర్పు చెప్పెను. "దెయ్యం" వచ్చిన మరు సంవత్సరమే అది. ఆ గ్రామములవారు దయ్యములకు మ్రొక్కలేదు. కాగితములు పట్టుకొని న్యాయస్థానమునకు పోయిరి. నాబోతు ద్రాక్షతోట కథలోను తోటను వెంటాడినది నాబోతు దయ్యము కాదు. చంపితివా, స్వాధీనపరచుకొంటివా అని రాజును ముఖాముఖిగా అడిగినవాడు బ్రదికియున్న ఏలీయా ప్రవక్త. చచ్చినవారి పక్షమున మాటలాడు పని బ్రదికినవారిదే. దానిని దయ్యములకు అప్పగించి మనము ఊరకుండుటకు వీలులేదు.

కాబట్టి మన యింటి పిల్లలు ఈ చిత్రమును చూడరాదని కట్టడ చేయుట నా యుద్దేశము కాదు. కట్టడ చేసినను దాచుకొని చూతురు. చిన్నబిడ్డలకు చూపకుడి, వారికి అది నిద్రలో మిగులును. పెద్దపిల్లలు చూచినయెడల ప్రక్కన కూర్చుండుడి. అయిపోయిన తరువాత ముసలాయన అడిగిన ప్రశ్నను వారిని అడుగుడి. ఎవరి నేల అది? ఎవరు అమ్మిరి? ఊరిలో జ్వరము వచ్చినప్పుడు ఎవరిమీద నింద పడుచున్నది? ఈ ప్రశ్నలు అడుగ నేర్చిన బిడ్డ చీకటిలో అడుగు వేయుటకు జంకడు. పొరుగువాని గట్టు జరుపుటకు మాత్రము జంకును. ఆ జంకు మన యిండ్లలో నిలుచునుగాక.