ఒకే మనిషి, రెండు చిట్టాలు

ఆ సోమవారం కొత్తగా చేరినతనికి విండోస్ ల్యాప్‌టాప్ చక్కగా తెరుచుకుంది. మెయిల్ కూడా వచ్చింది. మధ్యాహ్నం లినక్స్ సర్వర్‌లోకి వెళ్లబోతే మాత్రం ఆ పేరుతో యూజరే లేడంది. టికెట్ నా దగ్గరికొచ్చింది. ఆరా తీస్తే, అదే వారం చేరిన మరో ముగ్గురిదీ అదే గోల. నలుగురి వివరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. విభాగాలు వేరు, మేనేజర్లు వేరు. కలిసింది ఒక్కటే: నలుగురికీ ‘సర్‌నేమ్’ గడి ఖాళీ.

వాళ్లకు ఇంటిపేరు లేక కాదు. మనకు ఇంటిపేరు ముందుంటుంది. చాలామందికి అది ఒక పొడి అక్షరంగా మిగిలిపోయింది కూడా. ఫారం ‘లాస్ట్ నేమ్’ అడిగితే ఏం రాయాలో తోచక వదిలేస్తారు. విండోస్ వైపు ఉండే యాక్టివ్ డైరెక్టరీకి ఆ గడి నిండకపోయినా పట్టింపు లేదు. లినక్స్ వైపు ఉన్న ఎల్‌డ్యాప్ డైరెక్టరీకి పట్టింపు ఉంది. దాని నిబంధనల్లో ‘పర్సన్’ అనే తరగతికి పూర్తిపేరు, ఇంటిపేరు రెండూ తప్పనిసరి. రెంటినీ కలిపే సింక్ ఈ నలుగురినీ గుమ్మం బయటే ఆపేసి, లాగ్‌లో ఓ వరుస రాసుకుని, మిగతావాళ్లతో ముందుకు వెళ్లిపోయింది. ఆ వరుసను ఎవరూ చదవలేదు.

ఖాతాల సింక్ అంటే రెండు సర్వర్ల మధ్య వైరు కలపడం అనుకుంటారు చాలామంది. అది కలపడానికి గంట చాలు. అసలు పనంతా ఒక మనిషి గురించి రెండు చిట్టాలు ఒకే మాట చెప్పేలా చూడటంలో ఉంది. కరణాల నాటి గ్రామ లెక్కలను ఏటా జమాబందీలో పెట్టి సరిచూసినట్టే ఇది కూడా. తేడా ఏమిటంటే, ఈ జమాబందీ అయిదు నిమిషాలకోసారి జరుగుతుంది.

ఫైలు నుంచి డైరెక్టరీ దాకా

మొదట్లో ప్రతి యూనిక్స్ యంత్రానికీ సొంత పాస్‌వర్డ్ ఫైలు ఉండేది. పది యంత్రాలుంటే పది ఫైళ్లు. 1980ల్లో సన్ మైక్రోసిస్టమ్స్ ‘యెల్లో పేజెస్’ పేరుతో ఆ ఫైళ్లను ఒకచోటి నుంచి పంచే పద్ధతి తెచ్చింది. ఆ పేరు మీద బ్రిటిష్ టెలికామ్‌కు ట్రేడ్‌మార్క్ ఉండటంతో దాన్ని ఎన్ఐఎస్‌గా మార్చారు. ఇప్పటికీ ఆ ఆదేశాలు ‘వైపీ’ అన్న అక్షరాలతోనే మొదలవుతాయి. 1988లో డైరెక్టరీల కోసం ఎక్స్.500 ప్రమాణం వచ్చింది. అది మరీ బరువుగా ఉందని 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో దాన్ని తేలిక చేసి ఎల్‌డ్యాప్ తయారుచేశారు. 2000లో విండోస్ 2000తోపాటు యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది. లినక్స్ ప్రపంచం కోసం రెడ్‌హ్యాట్ అండతో ఫ్రీఐపీఏ 2008లో మొదటి రూపం తొడుక్కుంది.

ఇలా ఒకే సంస్థలో రెండు వ్యవస్థలు కాపురం పెట్టాయి. ఉద్యోగుల చిట్టా ఒకచోట, సర్వర్ల చిట్టా మరోచోట. ఆ తర్వాత క్లౌడ్ వచ్చి మూడోది చేరింది. వీటి మధ్య సయోధ్య కుదిర్చే అడ్మిన్ల అనుభవంలోంచే కొన్ని పద్ధతులు స్థిరపడ్డాయి. పుస్తకాల్లో ఉండేది వాటిలో సగమే. మిగతా సగం ఒక అడ్మిన్ మరొకరి పక్కన కూర్చుని నేర్చుకున్నది.

ఏ గడికి ఎవరు యజమాని?

వైరు కలిపే ముందు కాగితం తీసుకుని రెండు నిలువు గడులు గీయాలి. పేరు ఎవరు రాస్తారు? ఫోన్ నంబరు ఎవరు మారుస్తారు? లినక్స్ షెల్, హోమ్ డైరెక్టరీ ఎవరివి? ప్రతి గడికీ ఒక్కరే యజమాని ఉండాలి. ఇద్దరుంటే పొద్దున హెచ్ఆర్ మార్చిన నంబరును సాయంత్రం ఇంకో వైపు నుంచి వచ్చిన పాత నంబరు తుడిచేస్తుంది. ఎవరి తప్పో తేలదు.

యాక్టివ్ డైరెక్టరీతో సింక్ చేసే ఫ్రీఐపీఏలోని విన్‌సింక్ ఈ విషయంలో ఒక పట్టుదల చూపిస్తుంది. కొత్త మనిషి యాక్టివ్ డైరెక్టరీలో పుడితే ఇటు వస్తాడు, ఇక్కడ పుడితే అటు పోడు. పుట్టుక ఒకవైపే, మార్పులు మాత్రం రెండువైపులా వెళ్తాయి. గ్రూపులు అసలు దాటవు. మొదటిసారి చూసినవాళ్లకు ఇది లోపంలా అనిపిస్తుంది. నాకు మాత్రం ఇందులోని తెలివి కనిపిస్తుంది. ఉద్యోగి ఎవరో నిర్ణయించే హక్కు ఒక్కచోటే ఉండాలి, ఏ సర్వర్‌లో ఎవరికి ఏం అధికారం అన్నది ఆ సర్వర్ల దగ్గరే తేలాలి.

గడుల జతలు కలపడంలో చిక్కులు చాలా ఉంటాయి. మన పేర్లకైతే మరీనూ. యాక్టివ్ డైరెక్టరీలో పాతకాలపు లాగిన్ పేరు 20 అక్షరాలు దాటకూడదు. వెంకట సత్యనారాయణ అన్న పేరును ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో రాస్తే సరిగ్గా 20. వెనకాల ‘మూర్తి’ ఉందో, తోక కోయాల్సిందే. కోయడమూ ఒక నియమం ప్రకారం కోయాలి. ఒకరికి ముందు నుంచి, ఇంకొకరికి వెనక నుంచి కోస్తే ఏడాది తిరిగేసరికి ఏ లాగిన్ ఎవరిదో అడ్మిన్‌కే అంతుపట్టదు. పొడి అక్షరాల గడికీ హద్దుంది, ఆరు అక్షరాలకు మించి పట్టదు.

పేరు మారినా మారని ఆనవాలు

రెండు చిట్టాల్లోని వ్యక్తి ఒకరేనని దేన్నిబట్టి పోల్చుకోవాలి? కొత్తవాళ్లు ఠక్కున చెప్పే జవాబు ఈమెయిల్. అది మంచి జవాబు కాదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవారి మెయిల్ మారుతుంది. ఒక సురేశ్ వెళ్లిపోయాక అదే చిరునామా ఇంకో సురేశ్‌కు ఇస్తారు. మెయిల్‌ను నమ్ముకున్న సింక్ కొత్త సురేశ్‌ను పాత సురేశ్ ఖాతాకు అతికిస్తుంది. పాతవాడి ఫైళ్లు, ఉత్తరాలు కొత్తవాడి ముందు పరుచుకుంటాయి.

అందుకే మనిషి పేరుతోగానీ పనితోగానీ సంబంధం లేని ఆనవాలు కావాలి. యాక్టివ్ డైరెక్టరీ ప్రతి ఖాతాకూ పుట్టగానే 16 బైట్ల గుర్తు ఒకటి ఇస్తుంది. పేరు మారినా, విభాగం మారినా అది మారదు. అయితే కంపెనీలు విలీనమై ఖాతాను ఒక ఫారెస్ట్ (డొమైన్ల సముదాయం) నుంచి మరో ఫారెస్ట్‌కు తరలిస్తే అక్కడ కొత్త గుర్తు పడుతుంది. ఆ దెబ్బలు తిన్నాకే మైక్రోసాఫ్ట్, యాక్టివ్ డైరెక్టరీని క్లౌడ్‌తో కలిపే తన ఎంట్రా కనెక్ట్‌లో ఆ గుర్తును వేరే గడిలోకి రాసిపెట్టుకునే పద్ధతి తెచ్చింది. ఆ రెండో గడిని తరలింపులో వెంట తీసుకెళ్లవచ్చు. క్లౌడ్ వైపు చూస్తే ఆ గుర్తు 24 అక్షరాల తీగలా, చివర రెండు సమాన గుర్తులతో కనిపిస్తుంది. చూడటానికి అర్థంపర్థం లేనట్టుంటుంది. అర్థం లేకపోవడమే దాని బలం, మార్చాలన్న బుద్ధి ఎవరికీ పుట్టదు.

పాస్‌వర్డ్ అనే గడుసు పిండం

పేర్లు, నంబర్లు దాటినట్టు పాస్‌వర్డ్ దాటదు. డైరెక్టరీలు పాస్‌వర్డ్‌ను దాచవు, దాన్ని నూరి తీసిన హ్యాష్‌ను దాస్తాయి. రెండు డైరెక్టరీలు రెండు రకాలుగా నూరతాయి. పిండి నుంచి గింజను మళ్లీ చేయలేం కదా!

దీనికి విన్‌సింక్ ఎంచుకున్న దారి, గింజ రోట్లో పడేముందే పట్టుకోవడం. పాస్‌సింక్ అనే చిన్న సేవను యాక్టివ్ డైరెక్టరీని నడిపే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్ మీద కూర్చోబెడతారు. ఎవరైనా పాస్‌వర్డ్ మార్చిన క్షణాన అది దాన్ని అందుకుని, గుప్తీకరించిన దారిలో అవతలికి పంపుతుంది. ఇక్కడ రెండు విషయాలు కొత్తవాళ్లను పడగొడతాయి. ఒకటి, పాస్‌సింక్‌ను ప్రతి డొమైన్ కంట్రోలర్ మీదా పెట్టాలి. మార్పు ఏ కంట్రోలర్ దగ్గర జరుగుతుందో ముందే చెప్పలేం. ఒక్కటి వదిలేస్తే కొందరికి పనిచేసి కొందరికి పనిచేయని వింత మొదలవుతుంది. రెండోది, సింక్ పెట్టకముందు నుంచి ఉన్న పాస్‌వర్డ్‌లు వాటంతటవి దాటవు. ప్రతి ఒక్కరూ ఒకసారి మార్చుకోవాలి. ఈ మాట ముందే అందరికీ చెప్పకపోతే మర్నాడు హెల్ప్‌డెస్క్ ఫోను ఆగదు.

ఎంట్రా కనెక్ట్ ఇంకో దారి పట్టింది. ఉన్న హ్యాష్‌నే తీసుకుని, దానికి 10 బైట్ల ఉప్పు చేర్చి, వెయ్యిసార్లు మళ్లీ నూరి క్లౌడ్‌కు పంపుతుంది. ఈ పని రెండు నిమిషాలకోసారి జరుగుతుంది. మిగతా వివరాలు మామూలుగా అరగంటకోసారి వెళ్తాయి.

తుడిచే ముందు

సింక్‌లో చేర్చడం కన్నా తీసేయడం ప్రమాదకరం. డైరెక్టరీలో ఖాతాలను ఓయూ అనే అరల్లో సర్దుతారు. ఫలానా అరలనే సింక్ చేయమని ఫిల్టర్ పెడతారు. ఒకాయన సదుద్దేశంతోనే అరలు సర్దుతూ ఒక విభాగాన్ని ఫిల్టర్‌లో లేని అరలోకి జరిపాడనుకోండి. ఆయన దృష్టిలో ఎవరినీ తీసేయలేదు. సింక్ దృష్టిలో ఆ విభాగం మొత్తం మాయమైంది. క్లౌడ్‌లో వాళ్ల ఖాతాలన్నిటినీ చెత్తబుట్టలో వేస్తుంది.

దీనికి కాపలాగా ఎంట్రా కనెక్ట్‌లో ఒక అంకె పెట్టారు. ఒకే విడతలో 500కు మించి ఖాతాలు తుడవాల్సి వస్తే పని ఆపేసి అడ్మిన్‌ను పిలుస్తుంది. రెండు వందల మంది ఉన్న సంస్థకు ఆ 500 ఏ కాపలా కాదు, అందరూ పోయినా గంట మోగదు. ఆ అంకెను మీ సంస్థ పరిమాణానికి తగ్గించుకోవడం మొదటిరోజు చేయాల్సిన పని. తుడిచిన ఖాతాను 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చన్నది కాస్త ఊరట.

లినక్స్ వైపు ఆ ఊరట కూడా తక్కువ. అక్కడ ఫైలు యజమాని పేరు కాదు, ఒక సంఖ్య. ఫ్రీఐపీఏ రెండు లక్షల సంఖ్యల వరుస నుంచి ఒక్కొక్కరికీ ఒకటి ఇస్తుంది. ఖాతా తుడిచి అదే పేరుతో మళ్లీ చేస్తే పేరు తిరిగొస్తుంది, సంఖ్య మారుతుంది. మనిషి తన ఫైళ్ల ముందే పరాయివాడైపోతాడు.

అందుకే పాతకాపులు తుడవరు, తాళం వేస్తారు. యాక్టివ్ డైరెక్టరీలో మామూలు ఖాతాకు 512 అన్న అంకె ఉంటుంది. నిలిపేస్తే 514 అవుతుంది. విన్‌సింక్ ఆ రెంటి తేడాను పట్టుకుని ఇటువైపు కూడా ఖాతాకు తాళం వేస్తుంది. సర్వీసుల మధ్య ఖాతాలు పంపే స్కిమ్ ప్రమాణం కూడా ఇదే సంప్రదాయాన్ని నిలబెట్టింది. 2015లో రెండో రూపం పొందిన ఆ ప్రమాణంలో ‘యాక్టివ్’ అనే గడి ఉంటుంది. మనిషి వెళ్లిపోతే దాన్ని ‘కాదు’ అని మారిస్తే చాలు.

వీటన్నిటి వెనకా కొన్ని ఇంటిపనులుంటాయి. గడియారాలు కలవాలి. అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్‌లను సరిచూసే కెర్బరోస్ మామూలుగా ఎవరినీ లోపలికి రానివ్వదు. సింక్ వాడే సర్టిఫికెట్ గడువు క్యాలెండర్‌లో రాసుకోవాలి, అది తీరిన రోజున సింక్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. సింక్ చేసే ఖాతాకు కావలసినంత అధికారమే ఇవ్వాలి. అందరి వివరాలూ చదివే ఆ ఒక్క ఖాతా దొంగ చేతిలో పడితే ఇల్లంతా వాడిదే. మొదట పదిమంది ఉన్న ఒక్క అరతో మొదలుపెట్టి, లాగ్ చదివి, ఆపైనే అందరినీ కలపాలి.

కాపీ చేయకపోవడమూ ఒక పద్ధతే

ఇంత నేర్చుకున్నాక ఈ రంగంవాళ్లు తేల్చిన మాట కాస్త వింతగా ఉంటుంది: వీలైతే సింక్ చేయకండి. 2012లో ఫ్రీఐపీఏ 3.0 ‘ట్రస్ట్’ను తెచ్చింది. అందులో ఖాతాలు ఇటు రావు. లినక్స్ డొమైన్ విండోస్ డొమైన్‌ను నమ్ముతుంది. ఆ ఊరివాడు ఆ ఊరి చీటీ చూపిస్తే ఈ ఊళ్లో చెల్లుతుందన్నమాట. రెండో చిట్టా లేదు, కనుక తేడా వచ్చే అవకాశమూ లేదు. పాస్‌వర్డ్ దాటాల్సిన పనీ లేదు. రెడ్‌హ్యాట్ కూడా ఇప్పుడు విన్‌సింక్ బదులు దీన్నే వాడమంటోంది.

మరి సింక్ విద్య పాతబడిందా? పాతబడలేదు. ట్రస్ట్ అన్నిచోట్లా కుదరదు. జీతాల సాఫ్ట్‌వేర్, క్లౌడ్ సర్వీసులు, బయటి భాగస్వాములు, ఇవన్నీ తమ దగ్గర ఒక కాపీ ఉండాల్సిందే అంటాయి. పరికరం విన్‌సింక్ అయినా స్కిమ్ అయినా అడగాల్సిన ప్రశ్నలు అవే: యజమాని ఎవరు, ఆనవాలు ఏది, తుడిస్తే ఏమవుతుంది.

ఆ నలుగురి సంగతి ఆ సాయంత్రానికే తేలింది. సర్‌నేమ్ గడి నింపాక తర్వాతి విడతలో అందరూ దాటారు. అప్పటినుంచి హెచ్ఆర్ ఫారంలో ఆ గడి తప్పనిసరి చేయించాం, పక్కనే ‘ఇంటిపేరు’ అని రాయించాం. చేరినవాళ్ల సమస్య ఎప్పుడూ ఇలాగే బయటపడుతుంది, పని ఆగితే వాళ్లే అడుగుతారు. వెళ్లిపోయినవాళ్లు అడగరు. వాళ్ల ఖాతా తెరిచే ఉందని వచ్చి చెప్పేవారెవరూ ఉండరు. మీరు ఈ పనిలో ఉంటే, గత మూడు నెలల్లో మానేసినవారి జాబితా హెచ్ఆర్ దగ్గర తీసుకుని, రెండో డైరెక్టరీలో ఒక్కో పేరూ వెతకండి. ఒక్కటి తెరిచి కనిపించినా మీ సింక్ పనిచేయడం లేదన్నట్టే.