నైట్‌క్లబ్బుల దుస్తుల నియమావళి: రాతకూ అమలుకూ మధ్య అంతరం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

నైట్‌క్లబ్బులు, బార్ల ప్రవేశద్వారం వద్ద అమలయ్యే దుస్తుల నియమావళి పైకి వస్త్రాలకు సంబంధించిన నిబంధనగా కనిపిస్తుంది. ఆచరణలో అది మనుషులను వర్గీకరించే సాధనంగా పనిచేస్తుంది. అమెరికా నైట్‌క్లబ్బులపై వెలువడిన సామాజికశాస్త్ర అధ్యయనాలను, భారతీయ క్లబ్బులలో జరిగిన కొన్ని ఘటనలను ఆధారంగా చేసుకొని ఈ నియమావళి స్వభావాన్ని విశ్లేషించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: దుస్తుల నియమావళి, నైట్‌క్లబ్, సాంస్కృతిక మూలధనం, వర్గం, జాతి వివక్ష, విచక్షణాధికారం.

1. ఉపోద్ఘాతం:

దుస్తులు శరీరాన్ని కప్పడంతోపాటు ధరించినవారి కులం, వృత్తి, ప్రాంతం, ఆర్థికస్థితి గురించి చూపరులకు సమాచారమిస్తాయి. ఎవరి వీధిలో ఎవరు చెప్పులు చేతబట్టుకొని నడవాలో శాసించిన కులవ్యవస్థ తెలుగు సమాజానికి కొత్తది కాదు. ఆధునిక నగరంలో అటువంటి శాసనం వ్యాపార నిబంధన రూపంలో కొనసాగుతున్నదా అన్నది పరిశీలించదగిన ప్రశ్న. హైదరాబాదు పబ్బులలోనూ చెప్పులు, నిక్కర్లు, లుంగీలతో వచ్చినవారిని వెనక్కి పంపడం మామూలే. ‘మర్యాద’, ‘వాతావరణం’ అనే మాటలతో ఈ నిరాకరణను సమర్థిస్తారు. అయితే మర్యాద ఏదో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు ఆ మాటలలో సమాధానం లేదు.

2. మాట మారిన నిషేధం:

అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం బహిరంగ వసతి స్థలాలలో జాతి వివక్షను నిషేధించింది. నేటి నైట్‌క్లబ్బుల నియమాలలో జాతి ప్రస్తావన కనిపించదు. వదులైన జీన్స్, క్రీడాకారుల జెర్సీలు, టోపీలు, బరువైన బూట్లు, లావుపాటి గొలుసులు కూడదని మాత్రమే ఉంటుంది. ఈ జాబితాను వేర్వేరు వస్తువులుగా చదివితే దోషమేమీ కనిపించదు. కలిపి చదివితే అది హిప్‌హాప్ సంస్కృతితో ముడిపడిన నల్లజాతి యువకుల వేషధారణ అని స్పష్టమవుతుంది.

రూబెన్ బ్యుఫోర్డ్ మే, కెన్నెత్ షాన్ చాప్లిన్ 2008లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని నల్లజాతి యువకుల అనుభవం వైపు నుంచి పరిశీలించింది. నియమాన్ని తెలిసి పాటించడం, అమలులో పక్షపాతాన్ని గుర్తించడం – ఈ రెండూ ఒకే వ్యక్తి అనుభవంలో ఉండగలవు. నియమం తటస్థంగా రాసి ఉండడంవల్ల, తిరస్కరణకు కారణం తన బూటా, తన వర్ణమా అని నిరూపించే భారం తిరస్కృతుడిపైనే పడుతుంది.

ఈ సందర్భంలో పియరె బోర్దియు ప్రతిపాదించిన సాంస్కృతిక మూలధన భావన ఉపకరిస్తుంది. అభిరుచి వర్గస్థానాన్ని సూచిస్తుందన్నది ఆయన వాదన. నిషేధానికి గురయ్యే బ్రాండెడ్ బూట్లు, గొలుసులు చాలా సందర్భాలలో అనుమతి పొందే సాధారణ తోలు బూట్లకన్నా ఖరీదైనవి. కాబట్టి ద్వారం వద్ద తూచేది డబ్బును మాత్రమే కాదు. ఆ డబ్బు ఏ సమూహపు అభిరుచిలో ఖర్చయిందన్నదే అక్కడ ప్రధానం.

3. ద్వారం వద్ద విచక్షణ:

లారెన్ రివెరా ఒక ఉన్నతవర్గ నైట్‌క్లబ్‌లో పనిచేస్తూ చేసిన పరిశీలనను 2010లో ప్రచురించారు. ద్వారపాలకులు దుస్తులతోపాటు లింగం, జాతి వంటి అంశాలను చూస్తారని, పరిచయాలకు అన్నింటికన్నా ఎక్కువ విలువనిస్తారని ఆ అధ్యయనం చెబుతుంది. న్యూయార్క్‌లోని స్టూడియో 54 ఉదంతం దీనికి తగిన ఉదాహరణ. 1977 డిసెంబరు 31 రాత్రి గాయని గ్రేస్ జోన్స్ ఆహ్వానంపై వెళ్లిన సంగీతకారులు నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌లకు అక్కడ ప్రవేశం దొరకలేదు. రాడ్జర్స్ తరువాతి కాలంలో చెప్పిన ప్రకారం వారి వేషంలో లోపం లేదు. జాబితాలో పేరు లేదు. ఆ అవమానం నుంచి పుట్టిన ‘ల ఫ్రీక్’ పాట 1978లో వెలువడి, తిరస్కరించిన క్లబ్బు పేరును తనలోనే నిలుపుకొంది.

స్త్రీల విషయంలో నియమావళి మరో విధంగా పనిచేస్తుంది. ఆష్లీ మియర్స్ 2020లో ప్రచురించిన గ్రంథం సంపన్నుల విందు వలయాలను వర్ణించింది. అక్కడ మోడళ్లవంటి యువతులకు ప్రవేశం, పానీయాలు ఉచితం. ఎత్తుమడమల చెప్పులు తప్పనిసరి. పురుషుడి దుస్తులు అతని అర్హతకు పరీక్ష కాగా, స్త్రీ దుస్తులు క్లబ్బు అలంకరణలో భాగమవుతున్నాయి. ఉచిత ప్రవేశం వెనుక ఉన్న ఈ మారకాన్ని గౌరవంగా పొరబడరాదు.

4. భారతీయ సందర్భం:

భారతదేశంలో ఈ నియమావళికి వలసకాలపు క్లబ్బుల వారసత్వం ఉంది. భారతీయులకు కూడా ప్రవేశం కల్పించే ఉద్దేశంతో ఏర్పడిన బొంబాయి విల్లింగ్డన్ క్లబ్బు 1988లో పాదరక్షలు లేని చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌ను అనుమతించలేదు. పాలకుడు వెళ్లినా అతని వేషం ప్రమాణంగా మిగిలింది.

2014 జులైలో చెన్నైలోని తమిళనాడు క్రికెట్ సంఘం క్లబ్బులో జరిగిన పుస్తకావిష్కరణకు వేష్టితో వచ్చిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంధామన్‌ను లోనికి రానివ్వలేదు. ఆ నిరసన ఫలితంగా అదే సంవత్సరం తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. వేష్టి లేదా ఇతర భారతీయ సంప్రదాయ దుస్తులు ధరించారన్న కారణంతో ప్రవేశం నిరాకరించడం దీని ప్రకారం నేరం. ఏడాది వరకు జైలుశిక్ష, రూ. 25,000 జరిమానా విధించవచ్చు.

ఈ చట్టం స్వాగతించదగినదే. అయినా దాని తర్కానికి ఒక పరిమితి ఉంది. అది సంప్రదాయ వస్త్రాన్ని రక్షిస్తుంది. వస్త్రాన్నిబట్టి మనిషి స్థాయిని నిర్ణయించే చూపును ప్రశ్నించదు. 2017 జూన్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌కు అతిథిగా వెళ్లిన మేఘాలయ మహిళను ఆమె ధరించిన జైన్‌సెమ్ కారణంగా బయటకు పంపారు. ఆమె పనిమనిషిలా కనిపిస్తున్నదన్నది సిబ్బంది చెప్పిన మాట. ఖాసీల సంప్రదాయ దుస్తులుగా జైన్‌సెమ్‌కు గౌరవం కోరవచ్చు. అయితే నిజంగా పనిమనిషి అయితే బయటకు పంపవచ్చునా? న్యాయమూర్తి వేష్టికి దక్కిన రక్షణ కూలీ వెలిసిన చొక్కాకు దక్కదు. ఎందుకంటే ఆ చొక్కా ఏ సంస్కృతికీ చిహ్నం కాదు.

5. ప్రతివాదం:

నియమావళి అంతా వివక్షేనన్న నిర్ధారణ తొందరపాటవుతుంది. బెర్లిన్‌లోని కిట్‌క్యాట్ క్లబ్ వంటి చోట్ల కఠినమైన వేషనియమం ఉంది. బయటి సమాజం వింతగా చూసే వేషాలే అక్కడ ప్రవేశార్హత. కేవలం చూసి నవ్వడానికి వచ్చేవారిని ఆ నియమం దూరం పెట్టి, లోపలివారికి భద్రత కల్పిస్తుంది. కాబట్టి నియమం ఉన్నదా లేదా అన్నది కాక, అది ఎవరిని ఎవరినుంచి కాపాడుతున్నదన్నది విమర్శకు ప్రమాణం కావాలి. బలహీనులకు చోటు కల్పించే నియమాన్ని, బలవంతుల చోటుకు కంచె వేసే నియమాన్ని ఒకే గాటన కట్టరాదు.

6. ముగింపు:

దుస్తుల నియమావళి బలం దాని స్పష్టతలో లేదు. అమలుచేసేవారికి అది మిగిల్చే ఖాళీలో ఉంది. నియమాన్ని ముందుగా ప్రకటించడం, అందరికీ ఒకేలా వర్తింపజేయడం, నిరాకరణకు కారణం చెప్పడం అనే మూడు షరతులు ఆ ఖాళీని కొంత తగ్గించగలవు. అయినా జాబితా నుంచి చెప్పులను తొలగించినంత మాత్రాన సమస్య తీరదు. చెప్పుల్లో మనిషి స్థాయిని వెతికే చూపు ఆధునిక వినోదస్థలాలలోనూ కొనసాగుతున్నది. తెలుగు నగరాల రాత్రిజీవితంపై పరిశోధన జరగవలసింది ఆ చూపును కేంద్రంగా చేసుకొనే.