పైలం

హన్మకొండ బస్టాండులో బస్సు కదిలేముందు కిటికీ కింద నిలబడ్డవాళ్ల నోట ఇప్పటికీ వినబడే మాట: "పైలం బిడ్డా." చదువు కోసం నేను హైదరాబాద్ బస్సెక్కిన రోజు అమ్మ కొంగుముడి విప్పింది. మడతలు పడ్డ నోట్లు నా చేతిలో పెట్టి, నా వేళ్లు తనే ముడిచింది. "పైసలు పైలం. నువ్వు పైలం."

పైసలకూ కొడుక్కూ ఒకటే మాట! పైలంగ పోవచ్చు, పైలంగ దాచనూవచ్చు. పైలం అంటే జాగ్రత్తే. కానీ 'జాగ్రత్త' సంస్కృతంలో మేలుకొని ఉండడం నుంచి వచ్చింది. అది కంటికి చెప్పే మాట. పైలం చేతికి చెప్పే మాటలా తోస్తుంది నాకు. గొంతు మార్చి "బిడ్డా, పైలం!" అంటే బెదిరింపు కూడా అవుతుంది, నిజమే. కానీ మా ఇంట్లో దానికి ఆ గొంతు లేదు.

మా మేనత్త చపాట మిరప వేసేది. టమాటలా గుండ్రంగా, ముదురెరుపుగా, కారం తక్కువగా ఉండే కాయ. వరంగల్ చపాటకు 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. అన్నేళ్లూ ఆ విత్తనం నిలిచింది అత్తలాంటి వాళ్ల చేతుల్లోనే. కల్లంలో మంచి కాయలు ఏరి పక్కకు పోసేది. చెవి దగ్గర ఊపితే గింజ గలగలమన్నాకే కాయ చీల్చేది. గింజల్లో బూడిద కలిపి, పైన యాపాకు పరిచి, కుండ మూతికి గుడ్డ కట్టేది. "ఇత్తనం పైలం" అని మాకు చెప్పి గానీ ఇల్లు కదిలేది కాదు. ఆ దాపంతా వానాకాలం రాగానే మళ్లీ మట్టిలో వేయడానికే. పైలంలో భయం లేదంటాను అందుకే. భయపడేవాళ్లు "పోకు" అంటారు. "పో" అన్నవాళ్లే పైలం అంటారు.

నాలుగో తరగతిలో 'మా నాయిన పాలకుండ పైలంగ తెచ్చిండు' అని రాశాను. మా సారు ఎర్రసిరాతో కొట్టేసి, పైన 'జాగ్రత్తగా' అని దిద్దారు. ఇంటికొచ్చి, "అమ్మా, పైలం తప్పట, అనొద్దట" అన్నాను. పొయ్యి ముందు కూర్చున్న అమ్మ మారుమాట్లాడలేదు. ఆ తర్వాత నాతో ఆ మాట అనడమే మానేసింది. సైకిల్ ఎక్కినా, చెరువుకు పోయినా "మంచిగ పోయిరా" అనేది, అంతే.

జనం నోటి మాటే రాతలోకి రావాలని మా వరంగల్‌లోనే కవి కాళోజీ జీవితమంతా కొట్లాడారు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ పోరు ఎవరి కోసమో నాకు పుస్తకాలు చెప్పలేదు. పొయ్యి ముందు అమ్మ మౌనం చెప్పింది.

బస్టాండులో ఆ రోజు నా వేళ్లు ముడుస్తూ అమ్మ పైలం అన్నది ఎనిమిదేళ్ల తర్వాత. అని, మళ్లీ తప్పంటానేమోనని నా ముఖం చూసింది. "సరేనే, పైలంగనే ఉంట" అన్నాను. బస్సు కదిలింది.