మల్కిభరాముడికి సంవరణుడి కథే ఎందుకు?

గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా గురించి తెలుగులో ఎవరు రాసినా ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతారు: ఆయనకి తెలుగంటే ప్రేమ. చూపించే సాక్ష్యాలూ అవే. విజయనగరంలో ఏడేళ్లు ఉన్నాడు, కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు, అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ కావ్యాన్ని అంకితంతో సరిపెట్టేసి, అందులో ఎంచుకున్న కథ ఏమిటని అడక్కపోవడం నాకు వింతగా ఉంటుంది. భారతంలో అన్ని ఉపాఖ్యానాలు ఉండగా ఈ రాజుకి ఇదే ఎందుకు?

ముందు రాజు సంగతి. 1543లో వంశస్థాపకుడు సుల్తాన్ కులీని చంపించింది సొంత కొడుకు జంషీదే. చిన్న కొడుకు ఇబ్రహీం ప్రాణాలు చేతబట్టుకుని పారిపోయి చివరికి విజయనగరం చేరాడు. అళియ రామరాయలు చేరదీశాడు. 1550లో జంషీద్ పోయాక దర్బారులో వాళ్లు అతని పసివాణ్ణి గద్దె ఎక్కించారు. రాజ్యం చేజారిపోయేలా ఉన్న ఆ సమయంలో ఇబ్రహీం తిరిగొచ్చి కిరీటం పెట్టుకున్నాడు. 1580లో చనిపోయేదాకా దించినవాడు లేడు.

చరిత్రలో ఇలాంటి రాజు అనగానే నాకు గుర్తొచ్చేది కోర్డోబా అబ్దుర్ రహ్మాన్. 750లో అబ్బాసీలు ఉమయ్యద్ వంశాన్ని ఊచకోత కోస్తుంటే యూఫ్రటీస్ ఈది తప్పించుకున్నాడు, తమ్ముడు మాత్రం వెనక్కి తిరిగి దొరికిపోయాడు. ఉత్తర ఆఫ్రికా అంతా దాటి, 756లో కోర్డోబాలో తన వంశానికి మళ్లీ ఒక రాజ్యం నిలబెట్టాడు. సిరియాని మాత్రం మళ్లీ చూడలేదు. స్పెయిన్‌లో ఒంటరిగా కనబడ్డ ఖర్జూర చెట్టుని, నువ్వూ నాలాగే పరాయి నేలలో ఉన్నావని పలకరిస్తూ పద్యం చెప్పాడని అరబ్బులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే తన ప్రవాసాన్ని తన నోటితో, తన భాషలో చెప్పుకున్న రాజు. (మన ఇబ్రహీం అరబ్బు కాదు, పూర్వీకులు ఇరాన్ హమదాన్ వైపు తుర్కమాన్లు. కథ సాపు మాత్రం ఒకటే.) ఇబ్రహీం విషయంలో ఆ పని చేసింది తెలుగు కవి. అదీ నేరుగా కాదు, ఒక పురాణకథ చాటు నుంచి.

ఇప్పుడు సంవరణుడు. ఆదిపర్వంలో ఈయన సూర్యుడి కూతురు తపతిని చూసి మనసు పారేసుకుంటాడు. వసిష్ఠుడు వెళ్లి సూర్యుణ్ణి ఒప్పిస్తాడు. పెళ్లయ్యాక రాజు రాజ్యాన్ని వదిలేసి పన్నెండేళ్లు కొండమీదే ఉండిపోతాడు. ఇక్కడ వానల్లేవు, పంటల్లేవు, జనం అల్లాడిపోతారు. వసిష్ఠుడు రాజుని వెనక్కి తీసుకొస్తే వాన పడుతుంది. మనం దీన్ని ప్రేమకథగానే గుర్తుపెట్టుకుంటాం. కానీ సంస్కృత భారతంలో అదే ఆదిపర్వంలో సంవరణుడు ఇంకోచోట కూడా వస్తాడు. అక్కడ పాంచాలుల చేతిలో ఓడి, కుటుంబంతో సింధు తీరానికి పారిపోతాడు. వసిష్ఠుడి సాయంతో రాజ్యం మళ్లీ సంపాదిస్తాడు. ఆయన కొడుకే కురువు. కౌరవులు, పాండవులు అందరూ ఆ పేరు కిందికే వస్తారు.

రాజు దూరంగా ఉన్నంతకాలం నేల ఎండిపోయింది, రాగానే చిగురించింది, వంశం నిలబడింది. 1550లో గోల్కొండకి తిరిగొచ్చినవాడికి ఇంతకన్నా కావలసిన కథ ఉందా? అద్దంకి గంగాధరుడు ఇది ఆలోచించలేదని నేను నమ్మలేను.

అయితే ఈ కథలో ఒక సౌకర్యం ఉంది. రాజు దూరంగా ఉన్నప్పుడు అతనికి ఇంట చోటిచ్చి అన్నం పెట్టిన మనిషి ఇందులో లేడు. కొండ, అడవి, సింధు తీరం, అంతే. రుణపడాల్సింది వసిష్ఠుడికి, అంటే పురోహితుడికి, దేవుడికి.

ప్రవాసంలో ఉన్న తమ్ముడు, అన్యాయం చేసిన అన్న, రాజ్యం తిరిగి రావడం: ఈ కొలతలకి ఇంకా బాగా సరిపోయే కథ తెలుగువాళ్లందరికీ తెలిసిందే, సుగ్రీవుడిది. అదీ ఆ కాలంలోనే రాసినవాడున్నాడు. ఇబ్రహీం దగ్గర చింతలపాలెం అగ్రహారంగా పుచ్చుకున్నాడని చెప్పే కందుకూరి రుద్రకవి ‘సుగ్రీవవిజయం’ యక్షగానం రాశాడు. కానీ దాన్ని సుల్తానుకి కాదు, కందుకూరి జనార్దనస్వామికి ఇచ్చాడు. జంషీద్ వాలి, ఇబ్రహీం సుగ్రీవుడు అని రాసేయాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. నేను రాయను. దొరికిన ప్రతి చుక్కనీ గీతతో కలిపేయడాన్ని మా ఫీల్డ్‌లో ఓవర్‌ఫిట్టింగ్ అంటారు. సుగ్రీవుడి కథ ఎవరికీ అంకితం కాకుండానే బతికే కథ.

కానీ ఆ కథ ఈ రాజు పక్కన పెడితే ఎందుకు ఇబ్బందిగా ఉంటుందో చూడండి. సుగ్రీవుడికి రాజ్యం ఇప్పించినవాడు రాముడు. సుగ్రీవుడు ఆలస్యం చేసినా ఆ రుణం తీర్చాడు. ఇబ్రహీంకి ఆశ్రయమిచ్చిందీ ఒక రాముడే, అళియ రామరాయలు. 1565 జనవరిలో ఆ రామరాయల తల తెగిన యుద్ధంలో, తెగ్గొట్టిన కూటమిలో ఇబ్రహీం ఉన్నాడు. దానికి కారణాలు లేకపోలేదు. కొన్నేళ్ల ముందే రామరాయలు గోల్కొండ నుంచి పానగల్లు, ఘనపురం, కోయిలకొండ లాక్కున్నాడు. ఆశ్రయం ఇచ్చినవాడు తర్వాత అప్పులవాడిలా పైన కూర్చుంటే ఎవరికైనా భరించడం కష్టమే. అయినా సుగ్రీవుడి పోలిక ఆ రాజుకి నప్పదు, సంవరణుడి పోలిక నప్పుతుంది. ఆతిథ్యాన్ని మింగేసిన కథ అది.

పొన్నెగంటి తెలగన ‘యయాతిచరిత్ర’ గురించి ఒక్క మాట. చిన్న కొడుకు పూరుడికి రాజ్యం దక్కే కథ అది. అచ్చతెలుగులో మొదటి కావ్యమది, పటాన్‌చెరు అమీన్ ఖానుకి అంకితం. పోలిక ఉంది, కానీ అది సుల్తాను దాకా వెళ్లిందో, అధికారి దగ్గరే ఆగిందో. అందుకే దాని మీద బరువు పెట్టను.

ఈ రాజు సోషల్ మీడియాలో ఇప్పుడు రెండు ముక్కలు. ఒకరికి తెలుగుని నెత్తిన పెట్టుకున్న సెక్యులర్ దేవుడు. ఇంకొకరికి రక్కసి తంగడి ద్రోహి, 1579లో అహోబిలం దోచిన సేన యజమాని. ఆ సేన నడిపింది మురహరి రావనే బ్రాహ్మణుడని చెబితే రెండు పక్షాలకీ కోపమొస్తుంది. గంగాధరకవిని రెండు పక్షాలూ చదవవు. ప్రేమ పక్షానికి అంకితం చాలు, ద్రోహం పక్షానికి కావ్యంతో పనిలేదు.

మాది గిలకలదిండి. బందరు అనే మాటే పారశీకం, రేవు అని అర్థం. గోల్కొండకి సముద్రమంటే మా ఊరి వైపే. పారశీక వర్తకుడు, మా దగ్గర అద్దకం వేసే మనిషి బేరమాడుకోవాలంటే ఎవరో ఒకరు రెండో భాష నేర్చుకోవాల్సిందే, దానికి ప్రేమ అక్కర్లేదు. తర్వాతి కుతుబ్ షాహీల ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ రావడం అందుకే నాకు ఆశ్చర్యంగా ఉండదు. రాజ్యం నడవాలంటే కరణానికి అర్థమవ్వాలి. రాజు సక్రమమని జనం ఒప్పుకోవాలంటే వాళ్లకి తెలిసిన కథలో అతను కూర్చోవాలి. గంగాధరకవి ఆ రెండో పని చేసిపెట్టాడు. బయటి నుంచి వచ్చిన వంశానికి, మధ్యలో తెగిన గద్దెకి కురువంశం నుంచి ఒక ముందు తరాన్ని వెతికి తెచ్చాడు. మల్కిభరాముడికి తెలుగు మీద ప్రేమ ఉందో లేదో గానీ, తెలుగు కావ్యం ఏం చేయగలదో అతనికి తెలుసు.