'ఆంధ్ర' నుంచి 'దేశం' దాకా: నల్లగొండ, పాలమూరు సాహిత్యంలో అస్తిత్వ వాచకాలు

2014 తర్వాత తెలంగాణ సాహిత్య చరిత్ర రాస్తున్నవారికి ఒక ఇబ్బంది తరచు ఎదురవుతున్నది. తెలంగాణ ఆత్మగౌరవానికి తొలి ప్రతినిధిగా మనం నిలుపుకొంటున్న సురవరం ప్రతాపరెడ్డి తన ప్రధాన గ్రంథానికి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అని పేరు పెట్టారు. ఆయన 1930లో జోగిపేటలో అధ్యక్షత వహించిన సభ పేరు నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ. ఈ ఇబ్బందిని దాటడానికి ఇటీవలి వ్యాసాలలో మూడు దారులు కనిపిస్తున్నాయి. 'ఆంధ్ర' అని ఉన్నచోట 'తెలంగాణ' అని చదువుకొని సాగిపోవడం మొదటిది. 'ఆనాటి పరిస్థితులు అటువంటివి' అని రచయిత పక్షాన సంజాయిషీ చెప్పడం రెండవది. ఈ పేర్లను పట్టుకొనే ఆయనను సమైక్యవాదుల పద్దులో వేయడం మూడవది. ఈ మూడింటికీ పునాది ఒక్కటే: 'ఆంధ్ర' అన్న మాటకు 1934లోనూ 2009లోనూ ఒకే అర్థం ఉన్నదన్న నమ్మకం. ఆ నమ్మకం సరైనది కాదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ నల్లగొండ, పాలమూరు అన్నప్పుడు 2016 అక్టోబరు పునర్విభజనకు పూర్వపు జిల్లాలనే గ్రహించాలి. ఈ రెండింటినే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆంధ్ర మహాసభలు దేవరకొండ (1931), షాద్‌నగర్ (1936), చిలుకూరు (1941), భువనగిరి (1944) లలో జరిగాయి. సురవరం, బూర్గుల రామకృష్ణారావు పాలమూరు జిల్లాలో పుట్టినవారు. రావి నారాయణరెడ్డి నల్లగొండ జిల్లావారు. రాజకీయంగా ఒకరితో ఒకరు పొసగని ఈ ముగ్గురూ ఒకే మహాసభకు వేర్వేరు సంవత్సరాలలో అధ్యక్షులయ్యారు. ఒక మాట ఎన్ని అర్థాలను మోయగలదో తెలుసుకోవడానికి ఇంతకంటె అనువైన సందర్భం దొరకదు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే ఆంధ్ర జన సంఘం ఏర్పడింది. ఆ సభాధ్యక్షుడు మహర్షి కర్వే. గేలి చేసినవారు అక్కడి మరాఠీ, ఉర్దూ విద్యావంతులు. అవమానం జరిగింది భాషకు. అందువల్ల ఆ సంఘం పేరులోని 'ఆంధ్ర' శబ్దం ప్రధానంగా భాషావాచకం. అది మద్రాసు రాష్ట్రం వైపు చూపిన వేలు కాదు. అధికార భాష ఉర్దూగా ఉన్న రాజ్యంలో తెలుగువారమని చెప్పుకోవడానికి వాడిన మాట. 'తెలంగాణ' అన్నది ఆ కాలంలో స్థలవాచకం. నిజాం రాజ్యంలో మరాఠ్వాడా, కర్ణాటక భాగాల పక్కన తెలుగు మాట్లాడే భాగానికి ఉన్న పేరు అది. మాడపాటి హనుమంతరావు తన గ్రంథానికి పెట్టిన 'తెలంగాణా ఆంధ్రోద్యమము' అన్న పేరు దీనికి బలమైన సాక్ష్యం. నేటి పాఠకుడికి ఆ పేరు స్వవచనవ్యాఘాతంలా వినిపిస్తుంది. మాడపాటివారికి అందులో వైరుధ్యమేమీ లేదు: తెలంగాణ అన్నది చోటు, ఆంధ్రమన్నది అక్కడి జనుల భాష.

దీనికి ఎదురుగా ఉన్న సాక్ష్యం మరీ ఆసక్తికరమైనది. విశాలాంధ్రను కోరిన కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి, 1952 ఎన్నికలలో నల్లగొండ నుంచి జవహర్‌లాల్ నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచిన వ్యక్తి, తన జ్ఞాపకాలకు 'వీర తెలంగాణ' అని పేరు పెట్టారు. 'ఆంధ్రుల' చరిత్ర రాసిన ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు కాంగ్రెసు పక్షాన ఎన్నికయ్యారు. మన నేటి లెక్క ప్రకారం ఈ రెండు పేర్లు తారుమారు కావాలి. కాబట్టి గ్రంథనామాన్ని బట్టి రచయిత రాష్ట్రవాదాన్ని నిర్ణయించే పద్ధతి చెల్లదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభకూ నిజాం రాష్ట్ర మహాసభకూ పేరు ఒకటే కావడం యాదృచ్ఛికమా? కాదు. పత్రికలు, గ్రంథాలయాలు, పరీక్షలు, బంధుత్వాలు సరిహద్దుకు ఇరువైపులా సాగుతూనే ఉన్నాయి. ఆ పక్కవారి పేరు ఈ పక్కవారికి బలమిచ్చింది. ఆ రాకపోకలను తుడిచివేసి 1930ల తెలంగాణ రచయితను ఏకాకిగా చూపడం కూడా చరిత్ర అనిపించుకోదు. నేను చెప్పేదల్లా, పేరు పంచుకోవడం వేరు, రాష్ట్రం పంచుకోవాలని కోరడం వేరు అన్నదే. మొదటిది 1921లోనే ఉన్నది. రెండవది పోలీసు చర్యకు అటూ ఇటూ రూపు కట్టింది.

'గోలకొండ కవుల సంచిక' (1934) విషయంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనబడుతుంది. తెలంగాణలో కవులు పూజ్యమని ముడుంబ వేంకటరాఘవాచార్యులు చేసిన వ్యాఖ్యకు జవాబుగా సురవరం 354 మంది కవులతో దీనిని వెలువరించిన సంగతి అందరూ ఎరిగినదే. పూజ్యమంటే సున్న, పూజింపదగినదని కూడా. ఆ శ్లేషను విమర్శకులు చాలాసార్లు ముచ్చటించారు కానీ, ఆ జవాబు స్వభావాన్ని అంతగా పరిశీలించలేదు. సున్న అన్నవాడికి సంఖ్యతో బదులిచ్చారు. సంఖ్యతో బదులివ్వాలంటే ఎవరు కవి అన్న ప్రమాణం ముందే ఒప్పుకోవాలి. ఆక్షేపించినవారి ప్రమాణం పద్యం. సంచిక కూడా ఆ ప్రమాణాన్నే స్వీకరించింది. అందువల్ల పాలమూరు పల్లెల్లో ఆనాటికే ఊరూరా తిరుగుతున్న శారద కథకులు, బుడిగె జంగాలు, పండుగ సాయన్న కథ పాడేవారు ఆ లెక్కలోకి రాలేదు. వారిని లెక్కించివుంటే 354 అన్న సంఖ్య ఏమయ్యేదో ఊహించవచ్చు. ఇది సంపాదకుడి మీద నేరారోపణ కాదు. ఎదుటివాడి తూకంతోనే తూచి చూపడం ఆత్మగౌరవ ప్రకటనల తొలి దశలో ఎక్కడైనా జరిగేదే. కానీ ఈ పరిమితిని చెప్పకుండా సంచికను ప్రత్యేక తెలంగాణ వాదానికి ప్రథమ గ్రంథంగా కీర్తించడం మాత్రం నాకు సమ్మతం కాదు. అది ఆంధ్ర సాహిత్య కుటుంబంలో తమ వాటా కోసం వేసిన దావా. ఇల్లు విడిచిపోతామన్న నోటీసు అందులో లేదు.

ఆ దావాకు పాలమూరులో గట్టి ఆధారం ఉన్నది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు కవి పండితులకు ఆశ్రయమిచ్చిన స్థలాలు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ అవధానాలు చేసి సన్మానాలు పొంది వెళ్ళినవారిలో తిరుపతి వేంకట కవులు కూడా ఉన్నారు. తీరం నుంచి కవులు సత్కారానికి వచ్చే చోట కవులు పూజ్యమనడం ఎంత అసంగతమో గద్వాల పండితులకు తెలియనిది కాదు. నల్లగొండ వైపు ఇటువంటి సంస్థానాల సందడి లేదు. రాచకొండ ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుని స్మృతి ఉన్నది. తర్వాతి కాలపు సాహిత్యంలో నల్లగొండ ఉద్యమ గేయంలోనూ, పాలమూరు పద్యంలోనూ ముందు పండిందని స్థూలంగా అనుకోవడానికి ఈ తేడా ఒక కారణం కావచ్చు.

ఇక సంచిక పేరు. 'ఆంధ్ర కవుల సంచిక' అని పెట్టవచ్చు. 'తెలంగాణ కవుల సంచిక' అని కూడా పెట్టవచ్చు. రెండూ కాక 'గోలకొండ' అన్నారు. 1926 మే 10న మొదలైన పత్రిక పేరు అది కనుక ఇది సహజమే. అయితే పత్రికకైనా ఆ పేరు ఎందుకు? గోలకొండ అనగానే స్ఫురించేది కుతుబ్‌షాహీల కాలం. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానాన్ని మల్కిభరాముడని తెలుగు కవులు పిలుచుకొన్న ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. పొన్నగంటి తెలగనార్యుడు అచ్చతెనుగు యయాతిచరిత్రను పటాన్‌చెరువు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. తెలుగును ఆదరించిన ముస్లిం ప్రభువుల పేరును, తెలుగును పట్టించుకోని ఆసఫ్‌జాహీ ప్రభుత్వం ఎదుట నిలపడంలో నేర్పు ఉన్నది. ఆ పేరును నిజాం ప్రభుత్వం తప్పు పట్టలేదు. తెలుగు పాఠకుడు పరాయిదనుకోలేడు. మతం వైపు జారకుండా భాష కోసం నిలబడిన ఈ ఎంపికను మనం ఇంకా సరిగా అంచనా వేయలేదు.

'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో, హైదరాబాదు రాజ్యం సైనిక గవర్నరు పాలనలో ఉండగా వెలువడింది. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడెమీ పురస్కారం ఆ గ్రంథానికే దక్కింది. అప్పటికి రచయిత లేరు. అందులో ప్రతాపరెడ్డి చేసిన ఒక పని నా వాదానికి కీలకం. క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాలలో నిఘంటువులు తేల్చని మాటలకు ఆయన తాను విన్న పల్లె వాడుకను బట్టి అర్థం చెబుతారు. అంటే కోస్తాలోనో రాయలసీమలోనో పుట్టిన కావ్యానికి పాలమూరు రైతు మాట ప్రమాణమవుతుంది. 'ఆంధ్రుల' అన్న శీర్షిక కింద జరుగుతున్నది తెలంగాణను ఆంధ్రలో కలిపివేయడమా, ఆంధ్ర సాహిత్యానికి వ్యాఖ్యాతగా తెలంగాణను నిలపడమా? గ్రంథాన్ని పుట పుటా చదివినవారికి రెండవదే తోస్తుంది.

ఆ తర్వాతి కథ తెలిసినదే. 1952 ముల్కీ ఆందోళన, 1953లో ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాదును 1961 ఎన్నికల దాకా వేరుగా ఉంచవచ్చన్న 1955 నాటి రాష్ట్రాల పునర్విభజన సంఘం సూచన, 1956 ఫిబ్రవరి పెద్దమనుషుల ఒప్పందం, నవంబరు 1. ఈ నాలుగేళ్ళలో 'ఆంధ్ర' అన్నది భాషావాచకం నుంచి పరిపాలనావాచకంగా మారింది. మాట మారింది కానీ, దానిని అంతకు ముందు వాడిన మనుషులు మారలేదు. దాశరథి 1955లో 'మహాంధ్రోదయం' వెలువరించినప్పుడు ఆ మాటలో పాత వెలుగే ఉన్నది. 1969 తర్వాత దానిని చదివినవారికి అది కనిపించలేదు. 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ఇప్పుడు తెలంగాణ సారస్వత పరిషత్తు అయింది. సంస్థ పేరు మార్చుకోవచ్చు, అది సభ్యుల ఇష్టం. గ్రంథం పేరు అట్లా మార్చలేం. సెప్టెంబరు 17 విషయంలో కూడా ఇదే జరుగుతున్నది. విమోచనం, విలీనం, సమైక్యత అంటూ ఒక్క రోజుకు ఇన్ని పేర్లు. ప్రతి పేరూ భారతదేశంతో తెలంగాణ సంబంధాన్ని ఒక్కో విధంగా నిర్వచిస్తుంది.

1997లో భువనగిరి, సూర్యాపేట సభల తర్వాత వచ్చిన కవిత్వం, పాట వేరే సమస్యను ముందుకు తెస్తాయి. ప్రత్యేక రాష్ట్ర కోరిక రాజ్యాంగంలోని 3వ అధికరణం పరిధిలోనిది. దేశం నుంచి విడిపోవడం అందులో లేదు. అయినా ఉద్యమ సాహిత్యం వాడిన పదజాలం స్వాతంత్ర్య పోరాటాలది: విముక్తి, స్వపాలన, వలస పాలన. ఈ పదజాలాన్ని అతిశయోక్తి అని కొట్టివేసిన విమర్శకులున్నారు. పాలమూరు దృష్టితో చూస్తే అది అంత తేలికగా తేలే విషయం కాదు. 'వలస' అన్న ఒక్క మాటే చూడండి. రాజకీయ వ్యాసంలో వలస అంటే పైనుంచి వచ్చి ఏలేవారిది. పాలమూరు ఇంట్లో వలస అంటే పొట్ట చేత పట్టుకొని పోయేవారిది. ఒకటి రావడం, మరొకటి పోవడం. దేశంలోని ఎన్నో ఆనకట్టల పనికి పోయి, కృష్ణ తమ జిల్లాను ఒరుసుకొని పారుతున్నా తమ చేను తడవని కూలీల విషయంలో ఈ రెండు అర్థాలూ కార్యకారణాలుగా ముడిపడ్డాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడను తడిపింది. దేవరకొండ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీరే మిగిలింది. శ్రీశైలం జలాశయంలో కొల్లాపురం, అలంపురం వైపు ఊళ్ళు మునిగాయి. ఉద్యమ కవి 'వలస' అన్నప్పుడు శ్రోత ఏ అర్థం తీసుకొన్నాడో విడదీసి చెప్పలేం. ఆ పదం బలమంతా ఆ విడదీయలేని తనంలోనే ఉన్నది. గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాటలో పల్లె శిథిలమయ్యే తీరుకు ప్రాంతం దాటిన ఆదరణ దొరకడానికి కూడా ఇదే హేతువని నా అభిప్రాయం: తెలంగాణ బయటి శ్రోతకు కూడా పోవడమనే అర్థం తెలుసు.

సుంకిరెడ్డి నారాయణరెడ్డి, అంబటి సురేంద్రరాజు సంపాదకత్వంలో 2002లో వచ్చిన 'మత్తడి' సంకలనాన్ని గోలకొండ సంచిక పక్కన పెట్టి చూడవలసి ఉంది. ఒకదాని పేరు కోట, మరొకదాని పేరు చెరువు నిండి పొర్లే చోటు. కోస్తా పాఠకుడు 'మత్తడి'కి అర్థం అడిగి తెలుసుకోవాలి. సంపాదకులు దానికి సిద్ధపడ్డారు. 1934 సంచిక ఎదుటివాడి తూకాన్ని ఒప్పుకొంటే, ఇది తన తూకాన్ని తానే తెచ్చుకొన్నది. అరవై ఎనిమిదేళ్ళలో వచ్చిన మార్పు ఇది. అయితే 'మత్తడి'ని ఒప్పుకొన్నంత మాత్రాన సంచికను తక్కువ చేయనక్కరలేదు.

చివరగా 'దేశం' అన్న మాట. ప్రాంతీయ ఉద్యమాలు జాతీయతకు భంగకరమా కాదా అన్న చర్చలో 'దేశం' అంటే ఏమిటో అందరికీ తెలుసన్నట్లు మాట్లాడతారు. నల్లగొండ రైతుకు ఆ మాట మొదట వినిపించింది 'దేశ్‌ముఖ్' అన్న హోదాలో. అక్కడ దేశం అంటే పన్ను వసూలు చేసే పరగణా. దాని ముఖం విసునూరు గడి. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ ముఖం ఎదుటనే. తెలుగు పల్లెల వాడుకలో 'దేశం పోవడం', 'దేశాలు పట్టి పోవడం' అంటే ఇల్లు విడిచి దిక్కు తోచక పోవడం. అక్కడ దేశం అంటే తన ఊరు కానిదంతా. 1948 సెప్టెంబరు తర్వాత వచ్చిన భారతదేశమనే అర్థం ఈ రెండింటి మీద మూడో పొరగా చేరింది. పై పొర కింద అడుగు పొరలు చెరిగిపోలేదు. సుద్దాల హనుమంతు నుంచి నేటి దాకా ఈ రెండు జిల్లాల పాటలలో 'దేశం' వచ్చిన ప్రతిచోటా అది ఏ పొరలోది అని అడిగి, ఆ ప్రయోగాలను వరుసగా ఏరి చూడవలసి ఉంది. ముందుగా అచ్చు కాని పాటల నుంచి మొదలుపెట్టాలి. 354 మందిలో చేరనివారి గొంతు అక్కడే ఉన్నది.