‘బర్మా వీణ’ చదివిన తరువాత

తకెయామా మిచియో జపనీస్ నవల ‘బర్మా వీణ’ 1948లో పుస్తకరూపం పొందింది. సైనికుడు మిజుషిమా మొదట ప్రాణరక్షణకై భిక్షువేషం ధరిస్తాడు. దారిపొడవునా దిక్కులేని జపాన్ సైనికుల కళేబరాలు. శత్రుపక్షపు నర్సులు ఒక అజ్ఞాత జపాన్ సైనికుని సమాధి వద్ద ప్రార్థనాగీతం పాడటం విన్నాక వేషమే వ్రతమవుతుంది. సహచరులు స్వదేశానికి మరలినా, మృతులను పూడ్చేందుకు అతడు బర్మాలోనే నిలిచిపోతాడు.

శ్రామణేర దశశీలాలలో సంగీతం నిషిద్ధమని చదువుకున్న నాకు వీణ మీటే భిక్షువు రుచించలేదు. అది చిన్న అభ్యంతరం. ఆ నేలపైనే మరణించిన బర్మా గ్రామీణులు కథలో దాదాపు కనిపించకపోవడం నన్ను ఎక్కువగా బాధించింది. రచయిత బర్మాను చూడకుండానే రాశాడు. అది సమాధానం కాజాలదు. మెత్తసుత్తం కంటికి కనిపించని ప్రాణులనూ మైత్రిలో చేర్చింది. మిజుషిమా తవ్విన గోతుల పక్కన ఆ కనిపించనివారిని వెదకుతూ నవలను మరల చదువుతున్నాను.